నల్లరేగడి సీమలో సాహితీ తిరునాళ్ళు

మధురనుండి దక్షిణముగా తిరునల్వేలికి పోవు రాజమార్గమున విరుదునగరు దాటి, సాత్తూరు దాటి, కోవిల్‌పట్టి చేరువఱకును బాటసారి కన్నులకు గోచరించునది నల్లరేగడి నేల. జీవనది యన్నది లేని సీమ యిది. సాత్తూరు ప్రక్కగా పోవు వైప్పారు సంవత్సరములో అధికభాగము ఇసుకమేటగానే యుండును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలి మోసికొనివచ్చు వానకై ఇచ్చటి రైతు ఆకసము వంక చూచును. ఆ వాన పడిన యేడు ప్రత్తియు జొన్నయు సజ్జయు మిరపయు పండును. పడని యేడు పల్లెజనము అగ్గిపెట్టెల కర్మాగారములకును, శివకాశి బాణసంచా పనులకును, అచ్చుకూటములకును కూలికి నడచును. తూర్పుగా పోయినచో ఉప్పుమళ్ళు, తూత్తుకుడి రేవు, ఆపై మన్నారు సింధుశాఖ. ఇట్టి నీటిఎద్దడి సీమలో, ఒకరి వెనుక నొకరుగా ఇందఱు కథకులును నవలాకారులును కవులును జన్మించుటయు, వారి పేర సభలును పుస్తకోత్సవములును, తెల్లవారువఱకు సాగు కళారాత్రులును వర్ధిల్లుటయు సాహిత్యాభిమానులెల్లరు ఆలోచింపదగిన విషయము. తెలుగువారమైన మనకు ఇది పొరుగింటి ముచ్చట మాత్రమే కాదు. ఈ సీమలో తరతరములుగా ఇంట తెలుగు మాటాడుచు, వెలుపల తమిళము చదివి వ్రాయుచు బ్రతుకు కుటుంబములు అనేకములు గలవు. ఈ సాహిత్యమును నిలిపినవారిలో అగ్రగణ్యులు కొందఱు ఆ యిండ్లలోనే కన్నుదెఱచిరి.

గ్రంథకర్తను అతడు పుట్టిన యూర, అతని వాక్కును కంఠస్థము చేసిన జనుల నడుమ పూజించుట ఈ సీమకు క్రొత్తగా అబ్బిన ఆచారము గాదు. విరుదునగరు జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు దీనికి సాక్ష్యము. మనము గోదాదేవి యని కొలుచు ఆండాళ్ అచ్చటనే పెరిగి, ముప్పది పాశురముల తిరుప్పావైని రచించెను. ఆమె జన్మనక్షత్రమైన ఆడిమాసపు పుబ్బనాడు ఆమెకు జరుగు రథోత్సవము చూడ వేలకొలది జనులు చేరుదురు. దైవముగా ఆరాధింపబడుచున్న ఆ తల్లి కవయిత్రి యని స్మరించినచో, ఆ రథోత్సవము శతాబ్దులుగా ఎడతెగక సాగుచున్న ఒక గ్రంథకర్త్రి జన్మోత్సవమే యగును. శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించి, ఆ స్వామి యానతిని స్వప్నమున వినినట్లు చెప్పుకొని, వ్రాసిన ఆముక్తమాల్యదకు రంగస్థలము ఈ విల్లిపుత్తూరే. తెలుగు పంచకావ్యములలో ఒకదానికి నేలయైన యూరు మనకు పరదేశ మెట్లగును?

కోవిల్‌పట్టికి తూర్పున కొలది మైళ్ళ దూరములోనున్న ఎట్టయపురము మఱియొక విధమైన సాహితీకేంద్రము. తెలుగు మూలము గల నాయకప్రభువులు ఏలిన ఈ చిన్న సంస్థానము పండితులకును గాయకులకును నిలువనీడ నిచ్చెను. ముత్తుస్వామి దీక్షితులు తమ చివరి దినములిచ్చటనే గడపి 1835 లో దీపావళినాడు దేహము చాలించిరి. వారి సమాధిచెంత సంగీతజ్ఞులు నేటికిని ఆరాధనోత్సవము జరుపుచున్నారు. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ సంస్థాన విద్వాంసులు. ఆయన మనుమడై, ఆయనకే దత్తపుత్రుడైన సుబ్బరామ దీక్షితులు తమ పరంపర కృతులను, రాగలక్షణములను, వాగ్గేయకారుల చరిత్రములను ఒక్కచోట కూర్చి, సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథమును 1904 లో రెండు సంపుటములుగా వెలువరించిరి. ఆ గ్రంథము వ్రాయబడినది తెలుగున. స్వరలిపి తెలుగు లిపిలో. అచ్చయినది ఎట్టయపురములోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో. కర్ణాటక సంగీత పరిశోధకుల కెల్లరకు నేటికిని ఆకరమైన ఆ తెలుగు గ్రంథము తమిళదేశపు మాఱుమూల సంస్థానమున పుట్టినదని మన పాఠకులలో ఎందఱెఱుగుదురు?

ఆ యెట్టయపురముననే 1882 లో సుబ్రహ్మణ్య భారతి జన్మించెను. పదునొకండేండ్ల బాలుడై యుండగా, సంస్థాన పండితసభలో ఆశుకవిత్వముచే మెప్పుపొంది, భారతి యను బిరుదమును అచ్చటనే గైకొనెను. పెద్దలెదుట నిలిచి పద్యము చెప్పిన పిల్లవాని యోగ్యతను గుర్తించి, పేరుపెట్టి పంపిన సభ యొక జాతికి మహాకవి నిచ్చినది. అతడు 1921 లో పేదఱికముతోడనే కన్నుమూసిన పిదప, ఇరువదియేండ్లు గడచి, కల్కి కృష్ణమూర్తి తన పత్రికాముఖమున పాఠకలోకమును పిలిచి, చిన్నచిన్న చందాలను ప్రోగుచేసి, కవి పుట్టిన యూర స్మారకమండపమును కట్టించెను. 1947 అక్టోబరులో, స్వాతంత్ర్యము వచ్చిన రెండు నెలలకు, రాజాజీ దానిని ప్రారంభించిరి. మదరాసు నగరమున గాక, రైలు కూడ చేరని యొక చిన్నయూర వెలసిన ఆ మండపమునకు, కవిని చదివినవారు తమ చేతి పైకముతో కట్టుకొన్నదను గౌరవము దక్కెను. నేటికిని భారతి జయంతి వర్ధంతులకు బాలురు తలపాగయు కోరమీసమును ధరించి, అతని పాటలు పాడుచు అచ్చటికి వత్తురు.

సభయనగా వేదికయు మాలలును మాత్రమే కాదని ఈ దక్షిణసీమకు నేర్పినవారు రసికమణి టి. కె. చిదంబరనాథ మొదలియారు. తిరునల్వేలిలోని వారి యింట మిత్రులు వలయాకారముగా కూర్చుండి కంబరామాయణ పద్యములను చదివి, ఒక్కొక్క పద్యమును గంటలకొలది ఆస్వాదించెడివారు. వట్టత్తొట్టి యను పేరున ఆ గోష్ఠి తమిళసాహిత్య చరిత్రలో నిలిచిపోయినది. తరువాత వారు కుర్తాళమున స్థిరపడిరి. ఆయన రసజ్ఞతచే ఆకృష్టులైన యువకులలో ఇడైసెవల్ గ్రామపు మిత్రు లిరువురు గలరు: కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి. కోవిల్‌పట్టికి దక్షిణమున రాజమార్గము ప్రక్కనే యున్న ఆ పల్లెలో ఒకే యీడున పుట్టి, ఒకే వీథిలో తిరిగి, పుస్తకములను సంగీతమును కలిసి ప్రేమించిన ఆ యిరువురిని కేంద్ర సాహిత్య అకాడమీ గౌరవించినది. అళగిరిసామికి 1970 లో, అతడు చనిపోయిన పిదప, కి.రా.కు 1991 లో, గోపల్లపురత్తు మక్కళ్ నవలకు.

కి.రా. అని తమిళులు ఆప్యాయముగా పిలుచు రాజనారాయణన్ తెలుగు కమ్మవారి యింట పుట్టిన రైతు. కళాశాల ముఖమెఱుగడు, యౌవనమున రైతు ఉద్యమములలో పాల్గొని కారాగారము చవిచూచెను, ముప్పది యేండ్లు దాటిన పిదప గాని కథలు వ్రాయ మొదలిడలేదు. అతని గోపల్ల గ్రామము, తెలుగుదేశమునుండి ప్రాణభయముతో, మానభయముతో దక్షిణమునకు తరలిపోయి, అడవి నఱికి నల్లరేగడిలో ఊరు కట్టుకొనిన కుటుంబముల కథ. ఇంటి ముదుసలి స్త్రీల నోటినుండి విన్న వలసకథలే అతనికి ఆధారము. ఆ సీమ రైతుల పలుకుబడులను, సామెతలను, పనిముట్ల పేర్లను సేకరించి నిఘంటువు కూర్చెను. జానపద కథలను గ్రంథస్థము చేసెను. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము పట్టములేని ఈ రైతును ఆచార్యుడుగా ఆహ్వానించెను. 2021 మే 17 న అతడు పుదుచ్చేరిలో తనువు చాలింపగా, దేహమును ఇడైసెవల్‌కు తెచ్చి ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపిరి. తదుపరి కోవిల్‌పట్టిలో ప్రభుత్వము స్మారకభవనమును నిర్మించినది. తెలుగు తల్లిభాషగా గలవాడు తమిళ మాండలికమునకు పెద్దదిక్కయ్యె నన్నచో, రెండు భాషలును ఒకే నేలలో ఎట్లు వేళ్ళూనినవో తెలియును.

కి.రా. తెఱచిన త్రోవను తరువాతి తరము విశాలము గావించినది. 1970 ప్రాంతములనుండి కోవిల్‌పట్టి యువకులు గాంధీమైదానమున సాయంకాలములందు చేరి, చదివిన పుస్తకమును గూర్చియు, వ్రాసిన కథను గూర్చియు రాత్రి పొద్దుపోవువఱకు వాదించుకొనెడివారు. కవి దేవతచ్చన్ నగల దుకాణము సైతము అట్టి సాహిత్యపు ముచ్చటలకు నెలవయ్యెను. ఆహ్వానపత్రిక లేదు, అధ్యక్షుడు లేడు, చదివినవాడే వక్త. ఆ వాతావరణములోను, ఆ చుట్టుపట్ల పల్లెలలోను పెరిగినవారు ఒక్కొక్కరుగా దేశముచే గుర్తింపబడిరి: మేలాణ్మై పొన్నుచామి 2007 లో, పూమణి అఞ్ఞాడి నవలకు 2014 లో, విరుదునగరు జిల్లా మల్లాంకిణఱునకు చెందిన ఎస్. రామకృష్ణన్ నాదస్వర విద్వాంసుల జీవితమును చిత్రించిన సంచారమునకు 2018 లో, ఉరులైకుడికి చెందిన చో. ధర్మన్ చెఱువుల నాశనమును దుఃఖించిన సూల్ నవలకు 2019 లో అకాడమీ పురస్కారము నందిరి. పూమణి వెక్కై నవలయే అసురన్ చలనచిత్రమునకు మూలము. దానినే మనవారు నారప్పగా తెలుగున చూచిరి. చిత్రము చూచిన లక్షల తెలుగువారిలో, ఆ కథ కోవిల్‌పట్టి నేలలో పుట్టినదని తెలిసినవారు అరుదు.

ఈ గోష్ఠులు జనసమూహముల చెంతకు చేరుటకు రచయితల సంఘములు తోడ్పడినవి. 1961 లో కమ్యూనిస్టు నాయకుడు జీవానందము స్థాపించిన కళాసాహిత్య పెరుమండ్రమును, 1975 లో మధురలో వెలసిన తమిళనాడు అభ్యుదయ రచయితల సంఘమును చిన్నచిన్న పట్టణములలో శాఖలు ఏర్పఱచుకొనినవి. మన అభ్యుదయ రచయితల సంఘము 1943 లో తెనాలిలో పుట్టినదని తెలిసిన పాఠకునకు వీని స్వభావము సుగ్రాహ్యము. అభ్యుదయ రచయితలు ప్రచారము చేసిన కళారాత్రులు విశేషమైనవి: పొద్దుగ్రుంకగనే వీథిలో వేదిక కట్టి, పఱై వాద్యముతో ఆరంభించి, కరగాట్టము, ఒయిలాట్టము, వీథినాటకము, పాట, ఉపన్యాసము ఒకదాని వెంట నొకటిగా తెల్లవాఱుదాక నడిపింతురు. వేదిక ప్రక్కనే పుస్తకముల బల్లలుండును. పగలెల్ల కర్మాగారమున పనిచేసి వచ్చిన స్త్రీలును పురుషులును పిల్లలతో చాపలు పఱచుకొని కూర్చుండి, తమ కథ వ్రాసినవానిని కన్నులార చూతురు.

ఇటీవలి కాలమున ప్రభుత్వము సైతము ఈ కార్యమునకు పూనుకొనినది. జిల్లా జిల్లాకు పుస్తకోత్సవము జరుపవలెనను నిర్ణయముతో 2022 నుండి విరుదునగరునను, తూత్తుకుడిలోను పెద్ద యెత్తున ఉత్సవములు మొదలైనవి. తూత్తుకుడిలో పుస్తకములకు తోడుగా, సముద్రతీరమునకు ప్రాచీన కవులిచ్చిన నెయ్దల్ అను పేర జానపద కళోత్సవము నడచినది. అదే సంవత్సరము నవంబరులో తామ్రపర్ణీనది పేర పొరునై సాహిత్యోత్సవమును తిరునల్వేలి ప్రాంతమున జరిపి, ఆ వెంట వైగై, కావేరి, శిరువాణి నదుల పేర ఇతర ప్రాంతములలో జరిపిరి. ఇట్టి ఉత్సవమున పగలు పాఠశాలల పిల్లలు వరుసలుగా వచ్చి పుస్తకములు చూతురు. కొన్ని జిల్లాలలో నెలల ముందే పిల్లలకు హుండీలు పంచి, దాచుకొన్న చిల్లరతో తమకు నచ్చిన పుస్తకము కొనుకొమ్మని ప్రోత్సహింతురు. సాయంకాలము ఉపన్యాసములు, కవిసమ్మేళనములు, ఒక ప్రశ్నపై రెండు పక్షములు వాదింపగా మధ్యస్థుడు తీర్పుచెప్పు పట్టిమండ్రములు జరుగును. క్రొత్త గ్రంథమును ఒక పెద్ద ఆవిష్కరింపగా, ప్రథమప్రతిని వేఱొకరు సభాముఖమున స్వీకరింతురు. ఆ ప్రతి నందుకొనుట ఆవిష్కరించుటతో సమానమైన గౌరవము.

ఈ యేర్పాట్లలో లోపములు లేవనలేము. శాలువలకును, అధికారుల ప్రసంగములకును పోయిన కాలము, రచయితయు పాఠకుడును ముఖాముఖి మాటాడుకొనుటకు మిగులదు. ప్రసిద్ధ వక్త వచ్చిననాడు మైదానము నిండును. పల్లెటూరి కథకుడు మాటాడునపుడు కుర్చీలు ఖాళీయగును. అయినను ఈ సీమకు ఒక రక్ష గలదు. ఉత్సవమునకు వచ్చు జనులే ఆ గ్రంథములలోని పాత్రలు. తమ చెఱువు ఎండిన వైనము, తమ తాతల వలస, తమ కులముల కలహము, తమ కూలిబ్రతుకు సత్యముగా వ్రాయబడినదో లేదో తూచగలిగినవారు వారే. ధర్మన్ నవలను ఢిల్లీలో మెచ్చుకొనుట యొకటి. ఉరులైకుడి రైతు చెఱువుగట్టున నిలిచి మెచ్చుకొనుట మఱియొకటి. రెండవదానికి రచయిత ఎక్కువగా భయపడును, ఎక్కువగా ఆశపడును. ఆ భయమును ఆశయు ఉన్నంతకాలము ఇచ్చటి ఉత్సవములు వట్టి వేడుకలు కావు.

మనకును ఇట్టి సంపద గలదు. 1989 నుండి విజయవాడలో పుస్తక మహోత్సవము జరుగుచున్నది. కాళీపట్నము రామారావుగారు 1997 లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి, తెలుగుకథ కంతకు ఒక చిరునామా యిచ్చిరి. కాని మన సభలలో అధికభాగము నగరములను విడిచి కదలవు. రచయిత పుట్టిన పల్లెకు పోయి, అతని నుడికారమును మాటాడువారి యెదుట అతని కథ చదివించు అలవాటు మనకు చాలదు. మన సాహిత్యసంస్థలు సంవత్సరమునకొక్క సభనైనను అట్టి పల్లెలో జరుపవలెను. ఆ పల్లెల పట్టికలో ఇడైసెవల్‌నును ఎట్టయపురమునును చేర్పవలెను. కి.రా., అళగిరిసామి, పూమణి, ధర్మన్ కథలను మంచి తెలుగున చదివించు సభ యొకటి, సంగీత సంప్రదాయ ప్రదర్శినిపై గోష్ఠి యొకటి, నల్లరేగడి సీమ తెలుగు కుటుంబముల వృద్ధుల నోటనున్న పాటలను కథలను ఆలకించు కూటమి యొకటి, ఈ మూడును మన శక్తికి మించినవి కావు. లిపి నేర్వకయే మన నుడిని శతాబ్దులు కాపాడుకొనిన ఆ సోదరులు మనల నింతవఱకు ఏమియు అడుగలేదు. అడుగకమునుపే వారి యింటికి పోవుట చదువుకొన్న తెలుగువారి విధి.