తెల్లవారుజామున మొరాయించే పాత కారు

పుష్యమాసం వచ్చిందంటే కోనసీమలో పాత కార్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. తెల్లవారుజామున అంబాసిడరో, కార్బురేటర్ రోజుల మారుతీ 800ఓ ఎంత తిప్పినా అందుకోదు. మెకానిక్ పది గంటలకొచ్చి తాళం తిప్పేసరికి ఠక్కున స్టార్టవుతుంది. ‘బండి బాగానే ఉందండీ’ అని ఆయన వెళ్ళిపోతాడు. మర్నాడు మళ్ళీ అదే వరస.

అందరూ చలి మీదకి తోసేస్తారు. అసలు మనకి చలెంతనీ? జనవరిలో అమలాపురం తెల్లవారుజాము ఇంచుమించు 18, 19 డిగ్రీలు. ఆ మాత్రానికి బ్యాటరీ చతికిలబడదు. నేరం చెమ్మదర్రా!

అటు గౌతమి, ఇటు వసిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం, ఊరూరా కాలవలు. మన గాలి నిండా నీటి ఆవిరే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి, ఆరుబయట పెట్టిన కారు రేకు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకి బయట బొట్లు పట్టినట్టే దానికీ నీరు పడుతుంది. బోనెట్ కింద డిస్ట్రిబ్యూటర్ కప్పుకీ, ప్లగ్గు వైర్లకీ అదే గతి.

కాయిల్ 12 వోల్టులని 15, 20 వేల దాకా పెంచి ఆ కప్పు ద్వారా ప్లగ్గులకి పంచుతుంది. ఒట్టి మంచునీరు కరెంటుని అంతగా మోయదు. దానికి దుమ్మూ, రాజోలు, అంతర్వేది వైపైతే ఉప్పుగాలి తెచ్చిన ఉప్పూ తోడైతే మాత్రం దారి దొరుకుతుంది. ప్లగ్గు కొసన దూకాల్సిన నిప్పురవ్వ కప్పు మీదుగా ఇంజన్ ఇనుములోకి పోతుంది. పొద్దెక్కి కప్పు ఆరగానే జబ్బు మాయం. అందుకే మెకానిక్‌ని బతిమాలైనా సరే, ఎండ రాకముందే పిలవాలి.

ఆయన వచ్చేలోగా మీరు చెవి పెట్టి వినండి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే నిప్పురవ్వనో పెట్రోలునో అనుమానించాలి. తాళం తీసేసి, కప్పునీ వైర్లనీ పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి చూడండి. వెంటనే అందుకుందా, దొంగ దొరికినట్టే. చోక్ లాగడం మరిచిపోకండి, చల్లగా ఉన్న పెట్రోలు తేలిగ్గా ఆవిరవదు. అలాగని యాక్సిలరేటర్ పదేపదే తొక్కితే ప్లగ్గులు తడిసి అసలుకే మోసం.

సెల్ఫ్ మూలుగుతున్నా, టక్ టక్ అని ఆగిపోతున్నా కథ వేరు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కి దిగువకి పడితే ఛార్జింగ్ పెట్టించి మళ్ళీ చూడాలి. అయినా పడుతుంటే బ్యాటరీ పని అయిపోయినట్టే. అయితే కొత్తది కొనేముందు టెర్మినళ్ళు చూడండి, నా మాట వినండి. ఉప్పుగాలికి అక్కడ తెల్లటి, పచ్చటి బూజు పడుతుంది. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుంది. బూజు నిరోధం 0.02 ఓమ్ ఉన్నా 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. సెల్ఫ్ తిప్పిన వెంటనే టెర్మినల్ ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. నెగటివ్ ముందు విప్పి, రెంటినీ వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక బిగించి వాసెలిన్ పూస్తే చాలు. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు.

ఈ సెల్ఫూ, పాయింట్లతో, కాయిల్‌తో నిప్పురవ్వ పుట్టించే పద్ధతీ రెండూ చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు చలవే. 1912లో కాడిలాక్ కారుకి సెల్ఫ్ పెట్టి హ్యాండిల్ తిప్పే బాధ తప్పించాడు. ఎంత గొప్ప మేలో, తిప్పినవాళ్ళకి తెలుస్తుంది!

ఇక కప్పూ వైర్లూ తుడిచినా మర్నాటికి మళ్ళీ మొరాయిస్తే, రాత్రి చీకట్లో ఇంజన్ నడుస్తుండగా బోనెట్ ఎత్తండి. పెట్రోలు ఎక్కడా కారడం లేదని ముందే చూసుకోండి. దేన్నీ ముట్టుకోకుండా కాస్త దూరం నుంచి నీళ్ళు సన్నగా తుంపరగా కొడితే, కరెంటు కారిపోయే చోట నీలం మెరుపులు కనిపిస్తాయి. వైరు మీదైతే వైరు మార్చాలి. కప్పు లోపల పెన్సిల్ గీతలాంటి సన్నటి నల్లచార ఉంటే నిప్పురవ్వలు కాల్చి వేసిన దారి అది, ఎంత తుడిచినా పోదు. కొత్త కప్పు వేయించండి.