పడవ దిగితే ఇల్లేది?

ఉద్యోగానికి రాజీనామా, ఇల్లూ కారూ అమ్మేసి ఒక తెరచాప పడవ, ఆపై ఏ దేశం కావాలంటే ఆ దేశం. ఇలాంటి వీడియోలు మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటాయి. ఆస్ట్రేలియా జంట రైలీ వైట్‌లమ్, ఎలేనా కరాసుల ‘సెయిలింగ్ లా వాగబాండ్’ ఛానల్ వీటిలో బాగా ఫేమస్. 2019 నవంబరులో గ్రెటా థున్‌బెర్గ్‌ను అమెరికా నుంచి పోర్చుగల్‌కు అట్లాంటిక్ దాటించింది వీళ్ల పడవే.

ఆ వీడియోలు చూసి ‘మనమూ వెళ్లిపోదాం’ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లడం గురించి అందరూ మాట్లాడతారు. మరి ఏళ్లతరబడి పడవే ఇల్లుగా బతికేవాళ్లు నాలుగైదు నెలలు సొంతూరికి వస్తే ఎక్కడ ఉంటారు? అమ్మేసిన ఇల్లు వెనక్కి రాదు కదా! కెరియర్‌కు బ్రేక్ ఇవ్వాలనుకునే ఎవరికైనా పనికొచ్చే సంగతులు ఈ ప్రశ్నలోనే ఉన్నాయి.

తుపానుల క్యాలెండర్

ఈ నావికులు ఇంటికి రావడానికి మొదటి కారణం బెంగ కాదు, వాతావరణం. అట్లాంటిక్, కరీబియన్ ప్రాంతంలో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. దక్షిణ పసిఫిక్‌లో తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలల్లో ప్రమాద ప్రాంతంలో పడవ ఉంటే చాలా బీమా కంపెనీలు తుపాను నష్టానికి కవరేజీ ఇవ్వవు, లేదా గట్టి షరతులు పెడతాయి.

అందుకే కరీబియన్‌లో తిరిగేవాళ్లు చాలామంది దక్షిణాన ఉన్న గ్రెనడా, ట్రినిడాడ్ వైపు దిగిపోతారు. పసిఫిక్‌లో ఉన్నవాళ్లకు న్యూజిలాండ్‌లోని ఓపువా, ఫాంగరే లాంటి రేవులు అలవాటు. ఫిజీలోని వుడా మెరీనాలోనైతే నేలలో పెద్ద గోతులు తవ్వి, పడవ అడుగుభాగాన్ని అందులోకి దించి, చుట్టూ టైర్లు పేర్చి, తాళ్లతో బిగించి కట్టేస్తారు. గాలి ఎంత కొట్టినా పడవ పక్కకు ఒరగకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు.

అయినా గ్యారంటీ లేదు. 2004లో ఐవన్ హరికేన్ గ్రెనడాను చిన్నాభిన్నం చేసింది. 2024 జులై 1న బెరిల్ హరికేన్ అదే దేశానికి చెందిన కారియాకూ ద్వీపం మీద విరుచుకుపడింది. ఇంటికొచ్చినవాళ్లు సొంతవాళ్లతో భోంచేస్తున్నా, ఒక కన్ను వాతావరణ మ్యాప్ మీదే ఉంటుందన్నమాట.

తాళం వేసి వచ్చేస్తే సరిపోదు

పడవను వదిలి రావడం ఓ చిన్న ఇంజినీరింగ్ ప్రాజెక్ట్. ముందు దాన్ని పెద్ద క్రేన్‌లాంటి ట్రావెల్ లిఫ్ట్‌తో నీళ్లలోంచి ఎత్తి గట్టు మీద నిలబెడతారు. తెరచాపలు విప్పి, ఆరబెట్టి, మడిచి లోపల పెడతారు. ట్యాంకులో ఖాళీ ఉంటే తేమ చేరి, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి డీజిల్ పాడవుతుంది. కాబట్టి ట్యాంకు నిండా పోయిస్తారు. ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే వాటర్‌మేకర్ పొర కుళ్లకుండా రసాయనం ఎక్కిస్తారు. లిథియం బ్యాటరీలను ఫుల్ ఛార్జ్‌తో కాకుండా దాదాపు సగంలో వదులుతారు. పిండి, పప్పు ఒక్క డబ్బా మిగిలినా తిరిగొచ్చేసరికి పురుగులు, బొద్దింకలే స్వాగతం పలుకుతాయి.

ఇక్కడ మన టెక్నాలజీ కాస్త సాయం చేస్తోంది. విక్ట్రాన్ లాంటి కంపెనీల పరికరం పెట్టి, పడవలో ఇంటర్నెట్ ఆన్‌లో ఉంచితే బ్యాటరీ వోల్టేజీ, సోలార్ ఛార్జింగ్ వివరాలు వేల కిలోమీటర్ల దూరంలోని ఫోన్‌లోనే కనిపిస్తాయి. అయితే తాడు తెగితే కట్టడానికి మనిషే కావాలి. యార్డులో నమ్మకమైన ఒకరికి డబ్బులిచ్చి వారానికోసారి చూడమని చెబుతారు.

చట్టం కూడా గడియారం పట్టుకుని కూర్చుంటుంది. విదేశీ పడవను పన్ను కట్టకుండా ఐరోపా యూనియన్‌లో మామూలుగా 18 నెలలే ఉంచొచ్చు. మనిషికి మరో లెక్క: షెంజెన్ దేశాల్లో వీసా లేకుండా వచ్చినవాళ్లయినా, స్వల్పకాలిక వీసా మీద వచ్చినవాళ్లయినా ఏ 180 రోజుల్లోనూ 90 రోజులకు మించి ఉండకూడదు. పడవకు గడువున్నా మనిషికి ఉండదు!

అద్దె లేని ఇల్లు

సరే, స్వదేశంలో దిగారు. పిల్లల ఇంట్లోనో, అన్నదమ్ముల ఇంట్లోనో వారం బాగుంటుంది. నెలయ్యేసరికి ఇద్దరికీ ఇబ్బందే. హోటల్ అంటే జేబు ఖాళీ. అందుకే చాలామంది హౌస్ సిట్టింగ్ దారి పట్టారు. ఇంటివాళ్లు టూర్‌కి వెళ్తే వాళ్ల ఇంట్లో ఉండి కుక్కనో, పిల్లినో, మొక్కలనో చూసుకోవడం. సాధారణంగా అద్దె ఉండదు, జీతమూ ఉండదు. 2010లో బ్రిటన్‌లో మొదలైన ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ లాంటి వెబ్‌సైట్లు సభ్యత్వ రుసుము తీసుకుని ఈ ఇద్దరినీ కలుపుతాయి.

మన దగ్గర ఊరెళ్తే తాళంచెవి పక్కింటి పిన్నిగారికిస్తే సరిపోతుంది. మరి అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లను ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు? చలి దేశాల్లో ఖాళీ ఇంట్లో నీళ్ల పైపు గడ్డకట్టి పగిలితే ఇల్లంతా చెరువే. పైగా వరుసగా 30 లేదా 60 రోజులు ఇల్లు ఖాళీగా ఉంటే చాలా గృహబీమా పాలసీలు కవరేజీకి కోత పెడతాయి. ఇక కుక్కను హాస్టల్లో పెట్టాలంటే రోజుకింత అని బిల్లు. ఇంట్లో మనిషి ఉంటే ఈ మూడు సమస్యలూ తీరినట్టే.

టైమింగ్ కూడా కలిసొస్తుంది. హరికేన్ సీజన్ మొదలయ్యే నెలల్లోనే అమెరికా, బ్రిటన్‌లలో వేసవి సెలవులు. దక్షిణ పసిఫిక్ తుపానుల కాలంలోనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో క్రిస్మస్ సెలవులు. నావికులు తిరిగొచ్చే వేళకు ఇంటివాళ్లు ఊళ్లకు బయల్దేరుతుంటారు.

ఇందులో రివ్యూలే రెజ్యూమె. తొలి అవకాశం దొరకడమే కష్టం. అందుకే ముందు తెలిసినవాళ్ల ఇళ్లు చూసుకుని రిఫరెన్సులు సంపాదిస్తారు. వీడియో కాల్‌లో పెంపుడు జంతువు మందులు, డాక్టర్ నంబరు, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో అన్నీ అడిగి రాసుకుంటారు. సముద్రం మధ్యలో ఇంజిన్ రిపేరు చేసుకున్నవాళ్లకు కారుతున్న కుళాయి ఓ లెక్కా? ఆ నైపుణ్యం ప్రొఫైల్‌లో ప్లస్ పాయింటే.

వీసాతో ఆటలొద్దు

ఇది చదివి ‘భలే ఉంది, ఫ్రీగా విదేశాల్లో ఉండొచ్చు’ అనుకుంటున్నారా? ఆగండి. నావికులు ఎక్కువగా సొంత దేశంలో చేస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. పర్యాటక వీసా మీద వెళ్లి చేస్తే కథ వేరు. బసకు బదులుగా పెంపుడు జంతువుల్ని చూసుకోవడాన్ని అమెరికా అధికారులు పనిగా లెక్కగట్టి, విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. డబ్బులు చేతులు మారలేదన్న వాదన అక్కడ నిలబడదు. ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్న మన విద్యార్థులు కూడా యూనివర్సిటీలోని డీఎస్‌ఓను అడగకుండా ఇలాంటివి ఒప్పుకోవద్దు. ఒకసారి తిరస్కరణ రికార్డుకెక్కితే తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ దానికి జవాబు చెప్పుకోవాలి.

సెలవు కాదు, సీజన్

మూడు వారాల సెలవు మీద అమెరికా నుంచి వచ్చిన మీ అన్నయ్యనో, అక్కనో గుర్తు తెచ్చుకోండి. ఇరవై ఇళ్లకు భోజనాలు, బ్యాంకు, పళ్ల డాక్టర్, పాస్‌పోర్ట్ పని, మధ్యలో రెండు పెళ్లిళ్లు. ఈ నావికులదీ అదే పరుగు. కొందరికి మొదటి రోజుల్లో నేల కూడా ఊగుతున్నట్టే ఉంటుంది. ఇన్నాళ్లూ అలలకు అలవాటుపడ్డ మెదడు సర్దుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది.

అసలు బరువు వేరే ఉంది. ఏడాది వీడియో కాల్స్‌లో బాగానే కనిపించిన నాన్న, ఎదురుగా చూస్తే మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటుంటారు. స్నేహితుల పిల్లలు పోల్చుకోలేనంత ఎదిగిపోతారు. అనుభవమున్న నావికులు చుట్టపుచూపుగా కాకుండా ఒక సీజన్ మొత్తం ఉండేలా రావడానికి ఇదే కారణం. దగ్గర్లోనే హౌస్ సిట్టింగ్ దొరికితే అమ్మానాన్నలను రోజూ చూడొచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు, వాళ్లింట్లో భారం కాకుండా ఉండొచ్చు. కొందరు ఈ రోజుల్లోనే ఈసారి పడవ అమ్మేయాలని నిర్ణయించుకుంటారు. అది ఓటమి కాదు. అవసరం మారింది, అంతే.

సంపాదన సంగతికొస్తే లిన్, లారీ పార్డీ దంపతుల పేరు చెప్పుకోవాలి. తామే కట్టుకుని 1968లో నీళ్లలోకి దించిన 24 అడుగుల పడవలో, ఇంజిన్ లేకుండానే ప్రపంచం చుట్టారు. దారిలో లారీ పడవలు బాగుచేసేవారు, లిన్ వ్యాసాలు, పుస్తకాలు రాసేవారు. ఆ రోజుల్లో రిమోట్ జాబ్ అనే మాటే లేదు. వాళ్లను నడిపించింది ఏ రేవులోనైనా చెల్లుబాటయ్యే పనితనం.

సముద్రం మనవాళ్లకూ కొత్త కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తరిణిపై బయల్దేరి, 2018 మేలో భూమిని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

మీరూ బ్రేక్ తీసుకుంటే...

పడవే అక్కర్లేదు. బైక్ ట్రిప్ అయినా, ఏడాది ప్రయాణమైనా ఇవి చూసుకోండి.

* వెళ్లే ఖర్చుతోపాటు తిరిగొచ్చే ఖర్చూ పక్కన పెట్టండి. టికెట్, కనీసం మూడు నెలల తిండి, బస లెక్కలో ఉండాలి. ఆ డబ్బును మధ్యలో ముట్టుకోవద్దు.

* కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. మానేసేలోపే వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి. పాలసీ తెగిపోతే పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదలవ్వొచ్చు. ప్రస్తుత నిబంధనల్లో అది గరిష్ఠంగా 36 నెలలు.

* బ్యాంకు, ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు ఆగిపోకుండా రీఛార్జ్ చేయిస్తూ ఉండండి. ఓటీపీ రాకపోతే మీ డబ్బే మీకందదు.

* చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు అడుగుతాయి. బయల్దేరే ముందే రెన్యువల్ చేయించండి.

* ఏ ఊళ్లోనైనా చేసి చూపించగల పని ఒకటి చేతిలో ఉంచుకోండి. కోడింగ్, రాయడం, వైరింగ్... ఏదైనా సరే.

* అమ్మానాన్నలతో ముందే మాట్లాడండి. ఎప్పుడొస్తారో, ఎన్నాళ్లుంటారో నెలలు రాసి ఇవ్వండి. తర్వాత రాజీనామా మెయిల్ టైప్ చేయండి.