పికప్ వాహనాలకు బ్రేకు గండం
అదనపు కమాను పట్టీలతో తగ్గుతున్న వెనుక చక్రాల పట్టు

న్యూఢిల్లీ: 2023 జులైలో టమాటా ధర సామాన్యునికి అందనంతగా పెరిగినపుడు కేంద్ర ప్రభుత్వం జాతీయ వినియోగదారుల సహకార సమాఖ్య చేత మదనపల్లె, కోలారు తదితర ప్రాంతాల్లో సరుకు కొనిపించి, దేశ రాజధాని ప్రాంతంలో తొలుత కిలో 90 రూపాయల వంతున అమ్మించింది. రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చిన ఆ టమాటాలను ఢిల్లీ, నోయిడా వీధుల్లోని గృహిణుల చెంతకు చేర్చినవి మాత్రం చిన్న వాహనాలే. టమాటా ఒక్కటే కాదు, ఆజాద్‌పూర్ మార్కెట్‌లో తెల్లవారక ముందే కొనుగోలైన కూరగాయలు, పండ్లు మొదలుకొని సిమెంటు బస్తాలు, వంటగ్యాసు సిలిండర్లు, శీతల పానీయాల పెట్టెల వరకు రాజధానిలో అత్యధిక భాగం సరుకు రవాణా చివరి దశలో పికప్‌లు, మినీ ట్రక్కుల మీదనే ఆధారపడి ఉన్నది.

ఇందుకు కారణం లేకపోలేదు. పగటి వేళల్లో భారీ లారీల నగర ప్రవేశంపై ఢిల్లీలో చిరకాలంగా ఆంక్షలు ఉన్నాయి. లారీ ఆగిన చోట పికప్ బయలుదేరుతుంది. ముప్పాతిక టన్ను మోయడానికి రూపొందిన టాటా ఏస్ 2005లో మార్కెట్‌లోకి వచ్చి 'ఛోటా హాథీ'గా పేరు పడిన నాటి నుంచి ఈ తరహా బండ్ల సంఖ్య ఇబ్బడిముబ్బడి అయింది. సొంత బండి కొనుక్కున్న డ్రైవరుకు బ్యాంకు వాయిదా నెల తిరిగేసరికి కళ్లెదుట నిలుస్తుంది. ఒక్క ట్రిప్పులో మరో నాలుగు బస్తాలు ఎక్కించగలిగితే ఆ మేరకు ఊరట. బ్రేకు సమస్య సరిగ్గా ఇక్కడే మొదలవుతున్నది.

బరువు పెరిగితే బండి వెనుక భాగం కుంగుతుంది. కుంగకుండా ఉండేందుకు వెనుక కమాను కట్టకు ఒకటి రెండు పట్టీలు అదనంగా చేర్పించడం పరిపాటి. ఇందువల్ల బండి నిటారుగా నిలుస్తుంది, సరుకు ఒరగదు, యజమాని సంతృప్తి చెందుతాడు. అయితే ఈ పట్టీలకు, బ్రేకుకు ఉన్న సంబంధం చాలామందికి తెలియదు.

పలు పికప్‌లలో వెనుక చక్రాలకు వెళ్లే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని నియంత్రించే ఒక వాల్వు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని కడ్డీ గానీ స్ప్రింగు గానీ వెనుక యాక్సిల్‌కు కలిపి ఉంటుంది. సరుకు ఎక్కి ఛాసిస్ కిందికి దిగే కొద్దీ, యాక్సిల్‌కూ దానికీ మధ్య దూరం తగ్గుతుంది. దానిని బట్టి వాల్వు 'బరువు ఉన్నది' అని గ్రహించి వెనుక చక్రాలకు ఎక్కువ ఒత్తిడిని వదులుతుంది. బండి ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. ఖాళీ బండిలో వెనుక చక్రాలపై భారం స్వల్పం కాబట్టి, అక్కడ బ్రేకు గట్టిగా పడితే చక్రాలు బిగుసుకుపోయి బండి తోక తిరుగుతుంది. తడి రోడ్డుపై అయితే చెప్పనక్కరలేదు.

ఇపుడు అదనపు పట్టీలు వేసిన బండిని చూడండి. పైన రెండు టన్నులు ఉన్నా ఛాసిస్ కిందికి దిగదు. బండి ఖాళీగా ఉన్నదనే వాల్వు భావిస్తుంది. పర్యవసానంగా, బ్రేకు అత్యవసరమైన సమయంలోనే వెనుక చక్రాలకు అందవలసిన ఒత్తిడి అందదు. పని యావత్తూ ముందు చక్రాలపై పడుతుంది. ముందు డిస్కులు వేడెక్కుతాయి, ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. 'బ్రేకు సరిగా పడటం లేదు' అని డ్రైవరు మెకానిక్ వద్దకు వస్తే, ముందు ప్యాడ్లు మార్చి పంపడం జరుగుతుంది. నెల తర్వాత మళ్లీ అదే ఫిర్యాదు.

తేడా ఎంత ఉంటుందనేది లెక్క కట్టి చూడవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ప్రతి సెకనుకూ దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకుపై పెట్టేసరికే ఆ దూరం గడిచిపోతుంది. ఆపైన, వేగం సెకనుకు 6 మీటర్ల వంతున తగ్గితే బండి మరో 23 మీటర్లలో ఆగుతుంది. సెకనుకు 4 మీటర్ల వంతునే తగ్గితే అందుకు 35 మీటర్లు కావాలి. ఈ 12 మీటర్లు మూడు చిన్న కార్ల పొడవుతో సమానం. ఢిల్లీ-గుర్‌గావ్ రహదారిపై సాయంత్రం వేళ ముందు బండికీ వెనుక బండికీ మధ్య అంత ఎడం ఉండటం అరుదు. శీతాకాలపు పొగమంచులో యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై ముందు వాహనం కనిపించేదే అంతంత మాత్రపు దూరంలో. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించగా 1,68,491 మంది మరణించారు.

వాల్వుకు కొందరు చేస్తున్న మరమ్మతు రోగం కంటే ప్రమాదకరమైనది. దాని కడ్డీని పైకి కట్టివేయడమో, అసలు వాల్వునే తప్పించి గొట్టాన్ని నేరుగా కలపడమో జరుగుతోంది. దీనితో బరువు మీద బ్రేకు బాగా పడుతున్నట్లు తోస్తుంది. అదే బండి సరుకు దింపి ఖాళీగా తిరిగి వస్తూ, వాన జల్లు కురిసిన ఫ్లైఓవర్‌పై గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయి. ఎబిఎస్, దానితోపాటు ఒత్తిడిని పంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉన్న బండ్లకు ఈ బెడద లేదు. కానీ రోడ్లపై తిరుగుతున్న పాత బండ్ల మాటేమిటి?

కాలికి తగిలే తీరును బట్టి బ్రేకు లోపాన్ని చాలావరకు పసిగట్టవచ్చు. పెడల్ మెత్తగా, స్పాంజి మాదిరిగా అణిగితే గొట్టాల్లో గాలి చేరి ఉండాలి, లేదా ఆయిల్ పాతబడి ఉండాలి. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. డాట్-3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు మరగకూడదు. నీరు చేరిన తర్వాత ఈ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్-4 రకానికి ఇవి 230, 155 డిగ్రీలు. బరువుతో పదే పదే బ్రేకు వేస్తే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. అపుడు పెడల్ నేలకు తాకినా బండి ఆగదు. కొన్ని వందల రూపాయల ఆయిల్‌ను రెండేళ్లకొకసారి మార్చక, వేల రూపాయల విడిభాగాలు మార్చేవారు కోకొల్లలు.

పెడల్ సగానికి పైగా దిగిన తర్వాత గానీ బ్రేకు అందకపోతే, రెండోసారి తొక్కితే పైనే అందితే, వెనుక డ్రమ్ముల్లో లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగినట్లు. సర్దుబాటు చేస్తే చాలు. ఇందుకు భిన్నంగా పెడల్ రాయిలా గట్టిగా ఉంటే లోపం వాక్యూమ్ బూస్టరులోనో, దానికి వెళ్లే గొట్టంలోనో ఉంటుంది. డీజిల్ ఇంజనుకు బూస్టరు కోసం ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు అమర్చి ఉంటుంది. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. ఇంధనం ఆదా అవుతుందని ఫ్లైఓవరు దిగేటపుడు ఇంజను ఆపేసే అలవాటు కొందరు డ్రైవర్లకు ఉన్నది. ఒకటి రెండు సార్లు బ్రేకు తొక్కాక బూస్టరులో నిల్వ హరించిపోతుంది. ఆ పైన తొక్కే ప్రతి తొక్కుడూ డ్రైవరు కాలి బలమే.

పాత ఢిల్లీలోని కశ్మీరీ గేట్ మోటారు విడిభాగాల మార్కెట్‌లో బ్రేకుకు సంబంధించి దొరకని వస్తువు లేదు. పెద్ద బూస్టరు, పెద్ద మాస్టర్ సిలిండర్ వేయిస్తే బ్రేకు మెరుగుపడుతుందని నమ్మేవారు ఉన్నారు. పెద్ద బూస్టరుతో పెడల్ తేలికవుతుంది, నిజమే. చక్రం రోడ్డును పట్టే శక్తి మాత్రం టైరును బట్టి ఉంటుంది గనుక ఆగే దూరం తగ్గుతుందన్న భరోసా లేదు. పెద్ద మాస్టర్ సిలిండర్‌తో పెడల్ గట్టిపడుతుంది కానీ, అదే కాలి బలానికి ఒత్తిడి తగ్గుతుంది. పైగా తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కింద నిషిద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక నకిలీ లైనర్ల సంగతి వేరే చెప్పాలా? నకిలీ విడిభాగాలపై రాజధానిలో పోలీసు దాడులు కొత్త కాదు.

పికప్ తయారీ తెలుగువారికి పరాయి వ్యవహారమేమీ కాదు. తేలిక తరహా వాణిజ్య వాహనాల కోసం 1980 దశకంలో జపాను సంస్థలతో ఏర్పడిన నాలుగు భాగస్వామ్యాల్లో ఒకటి, ఢిల్లీ చెంతనే సూరజ్‌పూర్‌లో డిసిఎం టొయోటాగా వెలిస్తే, మరొకటి అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్‌గా వెలిసింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారంలో 2016 నుంచి డి-మాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. ఖరీదైన వి-క్రాస్ రకానికి సైతం ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములే ఉండటం గమనార్హం. డ్రమ్ములు ఉన్నంత మాత్రాన బ్రేకు నాసిరకమన్న అభిప్రాయం సరికాదు.

పరిమితికి మించి బరువు వేస్తే విధించే జరిమానాను 2019 సెప్టెంబరు నుంచి 20,000 రూపాయలకు, అదనపు టన్నుకు మరో 2,000 రూపాయలకు పెంచారు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం తీసుకోవాలి. నైరుతి ఢిల్లీలోని ఝుల్‌ఝులీలో యంత్రాలతో పరీక్షించే కేంద్రం ఏర్పడిన తర్వాత బ్రేకు బలాన్ని రోలర్లపై కొలవడం సాధ్యమైంది. అయితే పరీక్షకు బండ్లు సాధారణంగా ఖాళీగానే వస్తాయి. ఖాళీ బండిలో వాల్వు ఒత్తిడిని తగ్గించి పంపడం సహజమే కనుక, అదనపు పట్టీలు వేసిన బండికీ, వేయని బండికీ రోలర్లపై తేడా అంతగా కనిపించదు. ఆ తేడా బయటపడేది మర్నాడు తెల్లవారుజామున, ఆజాద్‌పూర్ గేటు దాటి బరువుతో రింగురోడ్డు ఎక్కిన తర్వాతనే.