మళ్ళీ మొదటికే!

మా ఇంట్లో ఒక కంప్యూటరున్నది. హిమాయత్‌నగర్‌లో ఈ వాటాలోకి వచ్చిన ఏడాది, అంటే సుమారు పదేళ్ళ క్రిందట, కొన్నాము. ఇన్నేళ్ళూ అది మాతో సమానంగా దుమ్మూ ఉక్కా భరించి, పిల్లల చదువులకూ, కరెంటు బిల్లులకూ, రైలు టిక్కెట్లకూ నోరెత్తకుండా చాకిరీ చేసింది. అటువంటిది ఒక సాయంకాలం మీట నొక్కగానే దీపం వెలిగింది, లోపల పంకా తిరిగింది, తెరమీద కిటికీ బొమ్మ వచ్చింది, దాని క్రింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. "అమ్మయ్య" అనుకునేలోగా తెర నల్లబడింది. మళ్ళీ దీపం, మళ్ళీ పంకా, మళ్ళీ కిటికీ, మళ్ళీ చుక్కలు, మళ్ళీ చీకటి!

పదకొండుసార్లు లెక్కపెట్టాను. పన్నెండోసారి మా ఆవిడ వచ్చి, తీగ పీకేసి, "దానికేదో గాలి సోకినట్టుంది. కాసేపు ఊరుకోనివ్వండి" అన్నది.

గాలి సోకితే దిగేదేమో గాని, ఇది దిగలేదు. మర్నాటికి ఇరుగుపొరుగుల సలహాలు మొదలయ్యాయి. కింది వాటా ఆయన వైరస్ అన్నారు. ఎదురింటి బామ్మగారు ఇన్వర్టరును అనుమానించారు. పాలవాడు కూడా, "పాతదై పోయింది సార్, అమ్మేయండి" అని తన వంతు చెప్పి వెళ్ళాడు.

అమ్మేయడానికి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా దాని లోపలున్న మా అమ్మ.

2017 వేసవిలో అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు, మా అమ్మాయి ఆవిడను కూర్చోబెట్టి మూడు గంటలసేపు ఫోనులో మాట రికార్డు చేసింది. పెళ్ళిపాటలు, మంగళహారతులు, మాగాయ కొలతలు, మా తాతగారి అన్నదమ్ముల పేర్లు వరసగా. ఆ మాటలు ఫోనులోంచి కంప్యూటరులోకి ఎక్కించాం. ఆ మరుసటి ఏడాది అమ్మ పోయింది. తరువాత ఆ ఫోను బస్సులో పోయింది. ఇక అమ్మ గొంతు ఉన్నది ఆ నల్ల పెట్టెలో ఒక్కచోటే. ఇంకో ప్రతి తీసి పెట్టుకుందామని ఏడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. అనుకోవడానికి ఖర్చేముంది?

దుకాణం తీర్పు

పెట్టెను ఆటోలో వేసుకుని ఆబిడ్స్‌లో ఒక దుకాణానికి వెళ్ళాం. అక్కడి కుర్రవాడు తీగ తగిలించి, రెండుసార్లు చూసి, "విండోస్ పోయింది సార్. ఫార్మాట్ కొట్టాలె. రెండు గంటల్లో ఇచ్చేస్త" అన్నాడు.

"ఫార్మాటంటే?" అని అడిగింది మా ఆవిడ.

"అంతా తుడిచేసి కొత్తగ ఎక్కిస్తం ఆంటీ."

"అందులో మా అత్తగారి పాటలున్నాయి, నాయనా!"

"డేటా పోతది ఆంటీ. గ్యారంటీ లేదు."

మా ఆవిడ మరి మాట్లాడలేదు. పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఆటోలో కూర్చున్నది. బషీర్‌బాగ్ దాటేవరకూ ఇద్దరమూ నోరు విప్పలేదు.

ఆ సాయంత్రమే వెనక వీధిలో ఉండే ఇంజనీరుగారిని పిలుచుకు వచ్చాను. ఆయన ఇ.సి.ఐ.ఎల్.లో పనిచేసి రిటైరయ్యారు. 1967లో మన హైదరాబాదులోనే ఏర్పడిన ఆ సంస్థ, ఇంటింటా కంప్యూటరనే మాట పుట్టకముందే టి.డి.సి. అనే పేరుతో కంప్యూటర్లు తయారుచేసింది. వాటితో కుస్తీ పట్టిన చేతులు ఆయనవి.

ఆయన మీట నొక్కలేదు. ముందు తీగ పీకారు. "ఏమండీ, ఇది ఎన్నిసార్లు తిరగనిచ్చారు?" అని అడిగారు.

"ఒక ముప్ఫైసార్లు..."

"ఇకమీదట అలా చేయకండి. డిస్కులో జబ్బుంటే ప్రతి తిరుగుడుకూ అది ముదురుతుంది. ముందు వస్తువు బయట పెడదాం. వైద్యం తరువాత."

పక్క రేకు విప్పి, లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకి, హార్డ్‌డిస్కును ఊడదీశారు. చేతిలోని స్థిరవిద్యుత్తు తగిలితే లోపలి చిప్పులు చెడిపోవచ్చునట. ఆ తాకడం అందుకు. డిస్కును చిన్న తీగతో మా అమ్మాయి ల్యాప్‌టాపుకు తగిలించారు. పావుగంటలో మా అమ్మ మాటలన్నీ ల్యాప్‌టాపులోకి వచ్చేశాయి. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని కాఫీ పెట్టడానికి లేచింది.

నాలుగు గడపలు

కాఫీ తాగుతూ ఇంజనీరుగారు చెప్పిన సంగతి ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినది.

కంప్యూటరు లేవడాన్ని ఇంగ్లీషువారు "బూట్" అంటారు. బూటు వెనకనుండే పట్టీని పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడమనే మాటనుంచి వచ్చిందది. మన భాషలో చెప్పాలంటే ఎవడి భుజం వాడే ఎక్కినట్టు. ఒక చిన్న ప్రోగ్రాము లేచి ఇంకాస్త పెద్దదాన్ని లేపుతుంది. అది మరో పెద్దదాన్ని లేపుతుంది. అందులో ముఖ్యంగా నాలుగు గడపలున్నాయి.

మొదటిది కరెంటు. గోడలోని 230 వోల్టులను లోపలి పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, "అంతా సరిగా ఉన్నది" అని మదర్‌బోర్డుకు ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం తడబడితే యంత్రం మళ్ళీ మొదటికి వస్తుంది. రెండవది స్వయంపరీక్ష. మదర్‌బోర్డు మీద చిప్పులో ఉండే బయాస్, ర్యామ్‌నూ మిగతా అంగాలనూ పలకరిస్తుంది. మూడవది డిస్కులోంచి విండోస్‌ను ర్యామ్‌లోకి తెచ్చుకోవడం. నాలుగవది డ్రైవర్లు, అంటే ఒక్కొక్క అంగాన్నీ నడిపే చిన్న ప్రోగ్రాములు, లేవడం.

"పదేపదే తిరుగుతున్నదంటే చచ్చిపోయిందని కాదు. ప్రతిసారీ ఒకే గడప తట్టుకుని పడుతున్నదని. ఏ గడపో మనం చూడాలి" అన్నారాయన.

మీట నొక్కిన ఒకటి రెండు క్షణాలకే పడిపోతే కరెంటునూ, ఇరుక్కుపోయిన మీటనూ, కదిలిన ర్యామ్‌నూ చూడాలి. కొన్ని నిముషాలకు, వేడెక్కాక పడితే పంకాలో దుమ్మును చూడాలి. బయాస్ తెరలో అరగంట కదలకుండా కూర్చుని, విండోస్ వచ్చేటప్పుడు మాత్రమే పడితే, విండోస్, డ్రైవరు, డిస్కు, ర్యామ్ ఈ నాలుగింటి మీదా అనుమానం.

ఇరవై ఒకటో విస్తరి

"ఇది మీ ఒక్కరి ఇంటి కథ కాదు. 2024 జూలై 19 గుర్తున్నదా?" అన్నారు ఇంజనీరుగారు.

గుర్తులేకేమి! ఆ రోజు శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో వ్రాసి ఇచ్చారు. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, టెలివిజన్ కేంద్రాలు దేశదేశాల్లో తికమకపడ్డాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ, సంస్థల కంప్యూటర్లకు కాపలా కాసే తన సాఫ్ట్‌వేరుకు ఒక చిన్న ఫైలు పంపింది. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిముషాలకు పంపి, 10 గంటల 57 నిముషాలకు వెనక్కు తీసుకున్నది. ఆ 78 నిముషాలలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా. ప్రపంచంలోని విండోస్ యంత్రాలలో అది నూటికి ఒకటికన్నా తక్కువే. ఆ కొద్దిపాటికే అంత అల్లరి!

జరిగినదేమిటి? ఆ ప్రోగ్రాముకు అందినవి 20 విలువలు. కొత్త ఫైలు చూడమన్నది 21వ విలువను. బంతిలో 20 విస్తళ్ళు వేసి, 21వ విస్తరిలో వడ్డించమంటే వడ్డించేవాడు ఏం చేస్తాడు? లేని విస్తరి కోసం పోయి ప్రక్కవారి మీద పడతాడు. యంత్రమూ అలాగే పడింది. పైగా అది కాపలావాడి డ్రైవరు. విండోస్ లేచేటప్పుడే లేస్తుంది. లేవడం, ఫైలు చదవడం, పడడం, మళ్ళీ లేవడం. లేచి నిలబడితేగదా సరిచేసిన ఫైలు అందుకోవడం! అంచేత చాలాచోట్ల మనిషి వెళ్ళి, ఒక్కొక్క యంత్రాన్నీ సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలునూ తీసివేయవలసి వచ్చింది.

"గమనించారా? తీసింది ఒక్క ఫైలు. ఎవరూ అంతా తుడిచి పారెయ్యలేదు" అన్నారాయన.

సాక్ష్యం

ఇక మా యంత్రం. డిస్కును మళ్ళీ పెట్టి లేపారు. బయాస్ తెరలో అరగంట బుద్ధిమంతుడిలా కూర్చున్నది. విండోస్ చుక్కలు తిరగగానే పడింది. "అయితే దుకాణం కుర్రవాడు చెప్పింది నిజమేనా?" అన్నాను.

"కావచ్చు. సాక్షిని అడుగుదాం."

విండోస్‌కు ఒక అలవాటున్నది. పడినప్పుడు తెర మీద కారణం వ్రాస్తుంది గాని, మనం చదివేలోగా తానే మళ్ళీ మొదలవుతుంది. విండోస్ 10, 11లలో వరసగా రెండు మూడుసార్లు లేవడం విఫలమైతే సాధారణంగా మరమ్మతు తెర వస్తుంది. అందులో స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 4 నొక్కితే సేఫ్ మోడ్. 9 నొక్కితే పడినచోటే నిలబడుతుంది. ఆయన 9 నొక్కారు. ఒకసారి ఒక కారణం వ్రాసింది. రెండోసారి ఇంకొకటి. మూడోసారి మరొకటి.

"ప్రతిసారీ ఒకే పేరు చెబితే ఆ పేరుగలవాణ్ణి పట్టుకోవచ్చు. పూటకొక పేరు చెబుతున్నదంటే, చాలామట్టుకు, జ్ఞాపకశక్తే చెడిందనుకోవాలి" అని, డిస్కును ఊడదీసి బల్లమీద పెట్టారు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన లినక్స్‌తో యంత్రాన్ని లేపారు. విండోస్ బల్లమీద ఉన్నది. యంత్రం మాత్రం మళ్ళీ పడింది!

అంటే విండోస్ నిర్దోషి.

లోపల ర్యామ్ పలకలు రెండున్నాయి. రెండూ తీసి, వాటి బంగారు రంగు అంచులను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూశారు. మొదటిదానితో యంత్రం గంటసేపు నిక్షేపంగా నడిచింది. రెండవదానితో మూడు నిముషాలు. దొంగ దొరికాడు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి అటువంటి పలకే పాతది ఒకటి కొని తెచ్చాను. వెయ్యి రూపాయల లోపే అయింది.

ఆ రోజు ఆబిడ్స్‌లో సరేనని తల ఊపి ఉంటే? అమ్మ గొంతు తుడిచిపెట్టుకుపోయేది. కొత్త విండోస్ ఎక్కేది. యంత్రం మాత్రం అలాగే తిరుగుతూ ఉండేది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది. ఆ కుర్రవాడి మీద కోపం లేదు. పదిలో ఎన్ని పెట్టెలు ఫార్మాటుతో బాగుపడ్డాయో అతనికి అలవాటయి ఉంటుంది. పోయేది ఏమిటో అతనికి తెలియదు. తెలిసినవాళ్ళం మనం. కనుక అడగవలసినది మనమే: "ముందు నా సరుకు వేరే తీసి పెడతావా?" అని.

వెళ్తూ వెళ్తూ ఇంజనీరుగారు మా అమ్మాయికి ఇంకొక మాట చెప్పారు. కొత్త ల్యాప్‌టాపులలో చాలావాటికి డిస్కు తాళం వేసి ఉంటుంది. మరమ్మతు తెర 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటే ఇప్పుడే చూసి కాగితం మీద వ్రాసుకుని బీరువాలో పెట్టుకోవాలి. మరొకటి: కాలిన వాసన వచ్చినా, పవర్ సప్లై డబ్బా విప్పాలనిపించినా, చేతులు కట్టుకుని కూర్చోవాలి. తీగ తీసిన తరువాత కూడా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

ఇప్పుడు అమ్మ మాటలు మూడుచోట్ల ఉన్నాయి: కంప్యూటరులో, పెన్‌డ్రైవ్‌లో, విశాఖపట్నంలో మా తమ్ముడి ఇంట్లో. ఆ రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని విన్నాం. పాటలన్నీ అయిపోయి, చివర కాసేపు ఏమీ వినబడదు. తరువాత అమ్మ గొంతు, మా అమ్మాయిని అడుగుతూ:

"ఏమే, ఇంకా తిరుగుతూనే ఉందా అది, ఆగిపోయిందా?"