వార్తల్లో పదం: వైవాహిక మినహాయింపు

గిలకలదిండి రేవున తెలతెలవారుచుండగా పడవలు ఒడ్డు చేరినంతనే, గంప చంకనిడుకొని పాట కడకు వచ్చిన స్త్రీ, చేప మొప్ప నెత్తి చూచి, ధర కుదరక ‘వద్దు’ అని తల త్రిప్పినచో, ఆ మాటను కాదనువాడు లేడు. ఆమెయే తన యింట భర్తతో ‘వద్దు’ అన్నచో, అత్యాచార నిర్వచనమున ఆ మాటకు చోటు లేదు. ఇట్లు భర్తను ఆ నేరమునుండి తప్పించు నిబంధనయే వైవాహిక మినహాయింపు.

1860 నాటి శిక్షాస్మృతి 375వ సెక్షనులోని యీ మినహాయింపు, 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షనునకును సంక్రమించినది; 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితముగా, భార్యకు 18 ఏండ్లు నిండనిచో మాత్రము భర్తకీ రక్షణ లేదు. వేరుగా నివసించు భార్య విషయమున 67వ సెక్షను శిక్ష విధించుచున్నది. పెండ్లితోనే శాశ్వతానుమతి లభించునన్న ఆంగ్ల న్యాయకోవిదుడు మాథ్యూ హేల్ వాదము ఈ మినహాయింపునకు మూలము. ఇంగ్లండు 1991లోనే దానిని విడిచినది. మన దేశమున దీని చెల్లుబాటుపై 2022 మేలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తు లిరువురును భిన్నాభిప్రాయులు కాగా, వివాదము సుప్రీంకోర్టు కెక్కినది.

తెలుగునాట నీ ప్రశ్న యేనాడో మొలకెత్తినది. విడిచిపోయిన భార్యను గాని భర్తను గాని కాపురమునకు రమ్మని కోర్టు ఆజ్ఞాపించుటకు వీలిచ్చు హిందూ వివాహ చట్టము 9వ సెక్షనును, సినీనటి సరిత వ్యాజ్యమున, 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి కొట్టివేసిరి. తన దేహముపై నిర్ణయము స్త్రీదేయని, కోర్టు ఆజ్ఞతో ఆమెను పడకటింటికి నడపుట గౌరవభంగమేయని వారి తర్కము. నా దృష్టిలో మన న్యాయచరిత్రలో అంత ధీరమైన తీర్పులు అరుదు. మరుసటి యేడే సరోజరాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చినది.