క్షయవ్యాధి మందులకు నిరోధకత

క్షయవ్యాధిని కలిగించే మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియా మందులకు లొంగకుండా పోవడాన్ని మందుల నిరోధకత అంటారు.

ఈ బాక్టీరియా కణకవచంలో మైకోలిక్ ఆమ్లాలనే మైనపు పదార్థాలు ఉంటాయి. ఐసోనియాజిడ్ వీటి తయారీని అడ్డుకుంటుంది. విచిత్రమేమిటంటే ఈ మందుకు స్వతహాగా చంపే శక్తి లేదు. బాక్టీరియాలోని కాట్‌జి అనే ఎంజైమే దానిని చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ ఎంజైము జన్యువు దెబ్బతింటే మందు సాధారణంగా పనిచేయదు. రిఫాంపిసిన్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు అతుక్కొని ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపుతుంది. ఆ ఎంజైము ఆకృతి మారితే మందు అతుక్కోదు.

ఇటువంటి మార్పులను మందు పుట్టించదు. అవి బాక్టీరియా విభజనలో యాదృచ్ఛికంగా కలుగుతాయి. ఐసోనియాజిడ్‌కు లొంగనిది సుమారు 10 లక్షలకు ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది 10 కోట్లకు ఒకటి ఉంటుంది. ఊపిరితిత్తిలోని ఒక్క కుహరంలోనే 10 కోట్ల బాక్టీరియా ఉండవచ్చు. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే వాటిలో సుమారు 100 మిగిలి, పోటీ లేకుండా వృద్ధి చెందుతాయి. రెండింటికీ లొంగనిది కోటి కోట్లకు ఒకటి మాత్రమే. అందుకే మందులను కలిపి ఇస్తారు.

బ్రిటన్‌లో 1948లో ప్రచురితమైన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో మొదట కోలుకున్న పలువురిలో నిరోధకత కనబడింది. మదనపల్లె సమీపాన గల ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో రోగులను నెలల తరబడి ఉంచే రోజులవి. మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం, రెండు మందులను కలిపి ఇంటివద్దనే వాడినా ఫలితం దాదాపు సమానమేనని 1959లో చూపింది. అయితే ఇంటివద్ద మందు మానివేయడమూ సులభమే. దగ్గు కొద్ది వారాలలో తగ్గినా, మందగించిన బాక్టీరియా లోపల మిగిలే ఉంటుంది. సాధారణ చికిత్స 6 నెలలు సాగడానికి కారణం ఇదే. మధ్యలో ఆపుతూ, కొన్నింటినే మింగుతూ పోతే నిరోధకత ఒక్కొక్క మందుకే అంచెలంచెలుగా పెరుగుతుంది. కనీసం ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని క్షయను బహుళ ఔషధ నిరోధక క్షయ అంటారు. దీనికి వాడే బెడాక్విలిన్ 2012లో అమెరికాలో అనుమతి పొందింది. ఇది బాక్టీరియా శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. దీనికీ లొంగని రకాలు ఇప్పటికే బయటపడ్డాయి.