రాణిగారు వేటకెళ్లారు

తొలకరి పడిన సాయంత్రం వీధిదీపం చుట్టూ రెక్కల పురుగులు ముసిరితే, అన్నిటినీ కలిపి ఉసిళ్లు అనేస్తాం. ఉసిళ్లంటే చెదపురుగులు. వాటి మధ్య సన్న నడుము చీమలూ కొన్ని ఎగురుతుంటాయి. ఆడవైతే కాబోయే రాణులే. జతకట్టి, నేలకు దిగి, రెక్కలు రాల్చేసుకుని ఏ బొరియలోనో దూరతాయి.

మన గండుచీమల రాణి లోపలికెళ్లి దారి మూసేస్తుంది. ఇక ఎగిరే పని లేదు గనక రెక్కల కండరాలను కరిగించుకుని, ఒంట్లో కొవ్వు ఖర్చుపెట్టి తొలి కాన్పు పిల్లల్ని సాకుతుంది. వారాల తరబడి కటిక ఉపవాసం. రాణి అంటే ఇదే అనుకుంటాం. కానీ అన్ని రాణులకూ అంత నిల్వ ఉండదు.

హార్పెగ్నాథస్ సాల్టేటర్ అనే గెంతే చీమనే చూడండి. పశ్చిమ కనుమల వైపు, కర్ణాటక, కేరళల్లో కనిపిస్తుంది. 1851లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది థామస్ జెర్డాన్. అవును, మన కలివికోడికి ఇంగ్లిష్‌లో ఎవరి పేరు పెట్టారో ఆ జెర్డానే. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన ఆ డాక్టరుగారి కళ్లు రోగుల మీద కంటే పొదల మీదే ఎక్కువ ఉండేవేమో!

ఈ చీమల్లో రాణికీ పనిచీమకూ ఒంటి కొలతలో పెద్ద తేడా ఉండదు. కొత్త రాణి దగ్గర దాచుకున్న కొవ్వూ తక్కువే. గుడ్లు పెట్టాక ఇల్లు గడవాలంటే గడప దాటాల్సిందే. తోడు ఎవరూ లేరు. బయట బల్లో పిట్టో నోట కరుచుకుంటే, గుడ్లతో సహా వంశం అక్కడితో సరి. లోపలే కూర్చుంటే పిల్లలు మాడిపోతారు.

వేట పట్టపగలే. తలలో సగం కళ్లే అన్నట్టుంటాయి. పట్టకారులా ముందుకు సాగిన పొడవాటి దవడలు. ఎండుటాకుల మీద చిన్న కీచురాయి కదిలితే చాలు, మెల్లగా దగ్గరికొచ్చి ఆగుతుంది. ఒక్క గెంతు! ఈ చీమలు 10 సెంటీమీటర్ల దాకా దూకగలవు. దవడలతో ఒడిసిపట్టి, నడుము వంచి, కొండితో కుడుతుంది. ఆ కాటుకు కీచురాయి చావదు, చచ్చుబడుతుంది. తెలివంతా అక్కడే ఉంది. చస్తే కుళ్లిపోతుంది, ప్రాణముంటే తాజాగా ఉంటుంది. దాన్ని ఈడ్చుకొచ్చి పిల్లపురుగుల ముందు పడేస్తే అవే కొరుక్కుతింటాయి. గోరుముద్దలు తినిపించడాలేమీ లేవు.

రాణి ఏ రకమో చెప్పేది కిరీటం కాదు, మెడ. రాబెర్టో కెల్లర్, క్రిస్టియన్ పీటర్స్, పట్రీసియా బెల్డాడే అనేక చీమజాతుల రొమ్ముభాగాన్ని పోల్చి 2014లో ఈ సంగతి బయటపెట్టారు. బరువులు మోసే పనిచీమకు మెడ కండరాలుండే ముందుభాగం బలిసి ఉంటుంది. లోపలే ఉండిపోయే రాణికి అది చిన్నది. చోటంతా ఎగిరే కండరాలదే. వేటకెళ్లే రాణులకు మాత్రం మెడ భాగం పెద్దది. పుట్టకముందే రాసిపెట్టిన ఉద్యోగం!

మన గెంతే చీమల్లో ఇంకో చిత్రం ఉంది. రాణి పోయాక కూతుళ్లు మీసాలతో కొట్టుకుంటాయి. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, వేట మానేస్తాయి. వాటి మెదడు సుమారు అయిదో వంతు కుంచించుకుపోతుంది. తల్లి మాత్రం ఒకప్పుడు గుడ్లూ వేటా రెండూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది.

తొలి కూతుళ్లు పట్టుగూడు చీల్చుకుని బయటికొచ్చి, ఒళ్లు గట్టిపడ్డాక వేట బాధ్యత అందుకుంటాయి. అమ్మ ఇక గడప దాటదు. ఖాళీ అయిన ఆ పట్టుగూళ్లనూ ఈ చీమలు పారేయవు. ముక్కలుగా చించి గది గోడలకు అంటిస్తాయి, అచ్చం వాల్‌పేపర్‌లా.